వెలికొండ కనుమల్లో దారిదోపిడీ: ఉప్పు ధర నుంచి వేలిముద్రల రిజిస్టరు దాకా

పదేళ్లా, పద్నాలుగేళ్లా? 1860లో వచ్చిన భారత శిక్షాస్మృతి ఈ తేడాను రెండు విషయాల మీద తేల్చింది. ఒకటి దారి, రెండోది చీకటి. 392వ సెక్షన్ ప్రకారం మామూలు దోపిడీకి గరిష్ఠంగా పదేళ్ల కఠిన కారాగారం. అదే దోపిడీ రహదారి మీద, పొద్దుగూకినప్పటి నుంచి పొద్దుపొడిచేలోగా జరిగితే పద్నాలుగేళ్ల దాకా వేయొచ్చు. తలకాయల లెక్క కూడా ఉంది. నలుగురు కలిసి దోస్తే దోపిడీ. ఐదో మనిషి చేరితే బందిపోటుతనం, శిక్ష యావజ్జీవం దాకా పోతుంది. 2024 జులై 1న శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లు 309, 310 అయ్యాయిగాని ఆ పది, ఆ పద్నాలుగు, ఆ ఐదు ఎక్కడివక్కడే ఉన్నాయి.

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం పటం ముందేసుకుంటే ఆ చట్టం రాసినవాళ్లు ఎలాంటి దారిని తలుచుకుని భయపడ్డారో తెలుస్తుంది. తూర్పున సముద్రం, ఉప్పు కొఠార్లు. పడమట ఉత్తర దక్షిణాలుగా సాగిన వెలికొండలు. కొండలకు ఇవతల ఉదయగిరి, ఆత్మకూరు. అవతల బద్వేలు, పోరుమామిళ్ల, ఇంకా పైకిపోతే కంభం. కోస్తా సరుకు సీమకు పోవాలన్నా, సీమ సరుకు కోస్తాకు దిగాలన్నా మధ్యలో కనుమ దాటక తప్పదు. ఇప్పుడు కృష్ణపట్నం నుంచి నెల్లూరు, ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు మీదుగా పోయే 67వ నంబరు జాతీయ రహదారి కూడా ఆ కొండల్ని దాటే పోవాలి. లారీకి అది కాసేపటి పని. పెరికెద్దుల బిడారుకు మాత్రం కనుమలో ఒక రాత్రి గడిచేది.

3,079 అడుగుల ఉదయగిరి దుర్గం కోసం శ్రీకృష్ణదేవరాయలు 1513, 1514లలో ఏడాదిన్నర దాకా ముట్టడి వేసి కూర్చున్నాడంటే అది ఊరికే కాదు. కొండ మీద కోట ఎవరిదో కింద దారి వాళ్లది. దారి ఎవరిదో సుంకం వాళ్లది.

కాపలాదారు, దోపిడీదారు

ఈస్టిండియా కంపెనీ రాకముందు దారి కాపలా ఒక హక్కు, ఒక ఆదాయం. పాలెగాడు తన హద్దులో ఊళ్ల నుంచి, బాటసారుల నుంచి కావలి రుసుము తీసుకునేవాడు. హద్దులో సొత్తు పోతే దొంగను పట్టి తేవాలి, లేకుంటే నష్టం కట్టివ్వాలి. కాగితం మీద ఇది చక్కటి ఏర్పాటు. అనుభవంలో మాత్రం రుసుము కట్టని ఊరికి దొంగలు తప్పకుండా వచ్చేవారు, ఎవరు పంపారో ఊరందరికీ తెలిసేది. ఈ పద్ధతిని మంచి పాత రోజులని పొగడటానికి నాకు మనసొప్పదు. కాకపోతే ఒక్కటి చెప్పాలి. పోయిన సొమ్ముకు పూచీపడేవాడు అందులో ఒకడుండేవాడు.

1800లో నిజాం నుంచి దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చినప్పుడు కంపెనీ అధికారి థామస్ మన్రో అక్కడ లెక్కపెట్టిన పాలెగాళ్లు 80 మంది. వాళ్ల కోటలు, బంట్లు, కావలి రుసుములు ఒక్కొక్కటిగా పోయాయి. మాట విన్నవాళ్లకు పింఛన్లు మిగిలాయి. పక్కనున్న నెల్లూరు సీమ 1801లో ఆర్కాటు నవాబు నుంచి పూర్తిగా కంపెనీ కిందికి వచ్చింది. 1816 నాటి 11వ రెగ్యులేషన్ ఊరి పోలీసు పనిని మునసబుకు, తలారికి అప్పగించి పైన కలెక్టరును కూర్చోబెట్టింది. జీతానికి పనిచేసే పోలీసు దళం రావడానికి 1859 నాటి 24వ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అంటే దాదాపు 40 ఏళ్లు కనుమ దారికి పాత కావలివాడూ లేడు, కొత్త పోలీసూ లేడు.

ఉదయగిరి కథ ఈ మధ్యకాలంలోనే మలుపు తిరిగింది. ఆ సీమ అప్పటికి జాగీరు. జాగీర్దారు అబ్బాస్ అలీఖాన్. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్‌ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగేశాడని కంపెనీ సైన్యం కర్నూలు మీద పడింది. ఆ కుట్రలో చెయ్యి ఉందన్న అభియోగంతో ఉదయగిరి జాగీర్దారును చెంగల్పట్టుకు తరలించి జాగీరు స్వాధీనం చేసుకున్నారు. జాగీరు పోతే జాగీరు బంట్లు ఏమవుతారు? కత్తి తప్ప వేరే పని నేర్వని మనుషులు ఒక్క ఉత్తర్వుతో కూడు లేనివాళ్లయ్యారు. ఇది ఉదయగిరికి మాత్రమే పట్టిన గతి కాదు.

కొండలకు అవతలి నుంచి మరో లెక్క. పాలెగాళ్ల వంశానికి చెందిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి కంపెనీ ఇచ్చిన నెల పింఛను 11 రూపాయల 10 అణాల 8 పైలు. ఇనాములు, కట్టుబడి మాన్యాలు రద్దై, బంధువుల పింఛనులో వాటా రాక, 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. గిద్దలూరు, కంభం వైపు నల్లమలలో సైన్యాన్ని తిప్పి తిప్పి అక్టోబరులో పట్టుబడ్డాడు. అరెస్టయినవాళ్లు వెయ్యికి కొంచెం తక్కువ. వాళ్లలో 412 మందిని అభియోగమే లేకుండా వదిలారు, 273 మందికి జామీను ఇచ్చారు, శిక్ష పడింది 112 మందికి. అంటే పట్టుకున్న ప్రతి తొమ్మిది మందిలో ఒక్కడి మీదే నేరం రుజువైంది. 1847 ఫిబ్రవరి 22న రెడ్డిని ఉరితీసి, తలను కోట గుమ్మానికి వేలాడదీసి 1877 దాకా అలాగే ఉంచారు. కంపెనీ కాగితాల్లో అతడు బందిపోటు. సీమ పాటల్లో ఏమయ్యాడో చెప్పనక్కర్లేదు.

గరిసె ఉప్పు, నలభై ఎద్దులు

పాలెగాళ్ల సంగతి పేరున్న మనుషుల సంగతి. పోలీసు రికార్డుల్లో ఆ తర్వాత దారిదోపిడీ మచ్చ మోసింది వేరేవాళ్లు, ముఖ్యంగా సంచార జాతి అయిన ఎరుకలవారు. వాళ్ల కథ ఉప్పుతో మొదలవుతుంది.

ఎరుకలవారిలో ఉప్పు ఎరుకల అని ఒక శాఖ ఉంది. కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, పరికముగ్గుల ఎరుకల అని మరికొన్ని. ఎవరు ఏం చేసి బతికేవారో పేర్లే చెబుతాయి. ఉప్పు ఎరుకలవారు కోస్తాలో ఉప్పు కొని, గాడిదల మీద, పెరికెద్దుల మీద వేసుకుని కనుమలు దాటేవారు. సీమ ఊళ్లలో ఉప్పు కొలిచి ఇచ్చి జొన్నలో రాగులో చింతపండో పుచ్చుకునేవారు. తిరుగు ప్రయాణంలో ఆ గింజలు కోస్తా వైపు దిగేవి. దారిలో మజిలీ చేసినచోట ఆడవాళ్లు ఈతాకుతో, వెదురుతో గంపలూ తట్టలూ అల్లి అమ్మేవారు, సోది చెప్పేవారు. రోడ్డు లేని పల్లెకు ఉప్పు చేరిందంటే వీళ్లవల్లా, లంబాడీల వల్లా చేరేది.

ఒక గరిసె ఉప్పు అంటే 120 మణుగులు, ఇప్పటి కొలతలో నాలుగున్నర టన్నులకు కొంచెం తక్కువ. ఎద్దుకు మూడు మణుగుల చొప్పున వేసుకున్నా 40 ఎద్దులు కావాలి. 40 ఎద్దులంటే ఎన్నో కుటుంబాల బతుకు.

ఇప్పుడు ధర చూడండి. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యం చేసుకుంది. అప్పుడు సర్కారు అమ్మకపు ధర గరిసెకు 70 రూపాయలు, అంటే మణుగుకు తొమ్మిది అణాల పైచిలుకు. 1809లో 105 చేశారు. మధ్యలో ఒకసారి తగ్గించి మళ్లీ పెంచారు. 1844లో దారి సుంకాలు ఎత్తేసి, ఆ లోటు పూడ్చుకోవడానికి గరిసె 180 అన్నారు. అది మరీ ఎక్కువని 120కి దించారు. అంటే మణుగు రూపాయి. తర్వాత ధరలో పన్ను భాగాన్ని విడిగా లెక్కకట్టసాగారు. 1877 చివరికల్లా మద్రాసులో పన్ను ఒక్కటే మణుగుకు రూపాయి 13 అణాలు. సరిగ్గా ఆ డిసెంబరులో దాన్ని రెండు రూపాయల 8 అణాలకు పెంచారు. ఆ తేదీని గుర్తుపెట్టుకోండి. మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) కరువు విలయతాండవం చేస్తున్న ఏడాది అది.

ఈ రెండున్నర రూపాయలు ఎంత బరువో ఆనాటి కూలితో తూచి చూడొచ్చు. కరువు పనుల్లో ప్రభుత్వ ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ ఖరారు చేసిన కూలి మగవాడికి రోజుకు ఒక పౌను గింజలు, అంటే 450 గ్రాములు, పైన ఒక అణా. ఐదుగురున్న ఇంటికి ఏడాదికి సుమారు ఒక మణుగు ఉప్పు పడుతుందనుకుంటే, దాని మీది పన్నుకే 40 రోజుల అణాలు చెల్లు. ఇది నేను వేసిన రఫ్ లెక్క. కాస్త అటూఇటూ చేసినా నెల రోజులకు తగ్గదు.

వ్యాపారం చేసుకునే ఎరుకలవాడికి దెబ్బ ఇంకోవైపు నుంచీ తగిలింది. సర్కారు కొఠారు దగ్గర రొక్కం కట్టి సరుకు తీసుకోవాలి. గింజలకు ఉప్పు మార్చుకునేవాడి దగ్గర రొక్కమెక్కడిది? ఈలోగా రైలొచ్చింది. అరక్కోణం నుంచి కడప, గుత్తి మీదుగా పోయే లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. ఒక్క గూడ్సు పెట్టె రెండు గరిసెలు మోయగలదు, అంటే 80 ఎద్దుల సరుకు. కనుమ ఎక్కనక్కర్లేదు, రాత్రి మజిలీ అక్కర్లేదు. తీరం వెంట బకింగ్‌హాం కాలువలో పడవలు సాగాయి. 1899 నాటికి మద్రాసు, బెజవాడల మధ్య రైలు నెల్లూరు మీదుగా నడిచింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి కొండ వెదురుకు, ఎద్దుల మేతకు సర్కారు హద్దురాళ్లు నాటింది.

ఎరుకలవారి మీద పరిశోధించిన మీనా రాధాకృష్ణ తన పుస్తకంలో ఈ వరసనే పట్టి చూపించారు. ఉప్పు విధానం, రైలు, అడవి, కరువు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఒక వర్తక సంచార జాతి కాళ్లకింద దారిని లాగేశాయి. దారి పోయినా తిరగడం మానలేదు కాబట్టి, ఇక ఎందుకు తిరుగుతున్నారన్న అనుమానం పుట్టింది.

కరువు లెక్క

1871 జనాభా లెక్కలో నెల్లూరు జిల్లాలో దాదాపు 13.8 లక్షల మంది. 1881లో 12,20,236. పదేళ్లలో పెరగాల్సిన జనం లక్షన్నరకు పైగా తగ్గారు, అంటే నూటికి పదకొండు మంది. 1891కి మళ్లీ 14,63,736 అయ్యారు కాబట్టి వెళ్లినవాళ్లలో కొందరు తిరిగొచ్చి ఉంటారు. చచ్చినవాళ్లు రారు కదా. పెన్న నీళ్లు పారే పల్లపు డెల్టా వేరు, వాన తప్ప దిక్కులేని ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట వేరు. జిల్లా సగటు ఈ తేడాను మింగేస్తుంది.

మద్రాసు రాజధానిలో బందిపోటు కేసుల మీద చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ చేసిన పరిశీలన ఇక్కడ పనికొస్తుంది. 1860 నుంచి 1940 దాకా చూస్తే గింజల ధర ఎగబాకిన ఏడాదల్లా దోపిడీలు ఎగబాకాయి. ధర దిగితే దోపిడీలూ దిగాయి. 1876 నుంచి 1878 దాకా వచ్చిన ఎగుడు మిగతావాటన్నిటికంటే ఎత్తైనది. దోచుకున్నది బంగారం కన్నా గింజలే ఎక్కువ. దోచినవాళ్లలో వృత్తి దొంగలతో పాటు పని దొరకని కూలీలూ ఉన్నారు. పుట్టుకతో వచ్చే గుణమే దోపిడీకి కారణమైతే అది బజారు ధరతో పాటు ఎక్కి దిగదు.

అయినా పోలీసు పుస్తకాలు వేరే దారి పట్టాయి. 1892లో ములాలీ అనే పోలీసు అధికారి మద్రాసు రాజధానిలోని నేర వర్గాల మీద ఒక పుస్తకం రాశాడు. కొరవలు, దొంగ దాసర్లు, లంబాడీలు, దొంగ వడ్డెర్లు అంటూ కులానికో అధ్యాయం. ఎవరు ఏ వేషంలో తిరుగుతారు, ఏ పనిముట్టుతో కన్నం వేస్తారు, ఏ భాషలో గుసగుసలాడతారు అన్నీ అందులో ఉన్నాయి. కొన్నేళ్లకు తెలుగు పోలీసు అధికారి పాపారావు నాయుడు రైలు దొంగల మీద ఒకటి, కొరవ, ఎరుకల, కైకాడీల మీద ఒకటి రాశారు. కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టరు కనుమ దారిలో ఎరుకల బిడారును చూసేసరికే, ఈ పుస్తకాల్లో వాళ్ల గురించి చదివి వచ్చి ఉండేవాడు.

ఆస్ట్రేలియాలో ఒక్కడి తలకు 8,000 పౌండ్లు

అదే శతాబ్దంలో అదే సామ్రాజ్యంలో ఇంకో మూల దారిదోపిడీ మరో రకంగా సాగింది. 1788 నుంచి 1868 దాకా బ్రిటన్ సుమారు 1,62,000 మంది ఖైదీలను ఆస్ట్రేలియాకు ఓడలెక్కించింది. పారిపోయి పొదల్లో దాక్కుని దారులు కొట్టినవాళ్లను అక్కడ బుష్‌రేంజర్లన్నారు. 1830లో అక్కడి న్యూసౌత్‌వేల్స్ వలసరాజ్యం ఒక చట్టం చేసింది. అనుమానం వస్తే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. తాను బుష్‌రేంజర్ని కానని పట్టుబడినవాడే రుజువు చేసుకోవాలి. దోపిడీ రుజువైతే మూడు రోజుల్లోపే ఉరి.

1851లో బంగారం దొరికాక ఆ దారులకు కొత్త కళ వచ్చింది. 1862 జూన్ 15న యూగౌరా దగ్గర ఫ్రాంక్ గార్డినర్ ముఠా బంగారం తీసుకెళ్తున్న బండిని ఆపి సుమారు 14,000 పౌండ్ల విలువైన బంగారం, రొక్కం పట్టుకుపోయింది. 1865లో ఇంకో చట్టం. పేరు పెట్టి బహిష్కృతుడని ప్రకటించిన మనిషిని ఎవరైనా, ఎక్కడైనా కాల్చి చంపొచ్చు. అలాంటి ప్రకటనతోనే 1878లో విక్టోరియా వలసరాజ్యం నెడ్ కెల్లీ ముఠాను వేటాడింది. బహుమానం పెంచుతూ పోయి 8,000 పౌండ్లు చేశారు. కెల్లీ తండ్రి ఐర్లాండు నుంచి ఆ దేశానికి ఎందుకు వచ్చాడో తెలుసా? రెండు పందుల్ని దొంగిలించిన నేరానికి. 1880 నవంబరు 11న కెల్లీని ఉరితీసేముందు క్షమాభిక్ష అర్జీ మీద 30,000 మందికి పైగా సంతకాలు చేశారు. మరుసటి ఏడాదే రాయల్ కమిషన్ కూర్చుని పోలీసుల తీరును ఎండగట్టింది.

 సామ్రాజ్యం ఒక్కటే అయినా చట్టాలు మాత్రం ఏ వలసరాజ్యానికి ఆ రాజ్యమే వండుకుంది. ఇక్కడి వంటకం చూస్తే ఆస్ట్రేలియా చట్టాలు మెత్తగా కనబడతాయి. అక్కడ 1865 చట్టం ఎంత కర్కశమైనదైనా అందులో ఒక మనిషి పేరు ఉండాలి, ఆ మనిషి మీద ఒక నేరం ఉండాలి. అతడు చస్తే చట్టానికి పని ఉండదు. ఇక్కడ మనిషి పేరుతో పనిలేకుండా పోయింది.

రాత్రి హాజరు

నేరస్థ జాతుల చట్టం 1871లో, 27వ చట్టంగా వచ్చింది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగవుతాడన్నది దాని వెనక వాదన. మొదట ఉత్తరాదికే పరిమితమైంది. మద్రాసుకు రావడానికి 40 ఏళ్లు పట్టింది. 1911 నాటి 3వ చట్టంతో దేశమంతటికీ వర్తించి, 1924లో 6వ చట్టంగా మళ్లీ అచ్చయింది.

ప్రభుత్వం ఒక కులాన్నో, దానిలోని ఒక గుంపునో గెజిట్‌లో ప్రకటిస్తే ఆ జనం పేర్లు రిజిస్టరుకెక్కుతాయి. పెద్దవాళ్లు పది వేళ్ల ముద్రలు వేయాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. మద్రాసు రాజధానిలో చాలాచోట్ల రాత్రి 11 గంటలకొకసారి, తెల్లవారుజామున 3 గంటలకొకసారి మునసబు దగ్గరో ఠాణాలోనో హాజరు పలకాలి. పగలంతా రాళ్లు కొట్టి వచ్చిన మనిషి రెండు హాజర్ల మధ్య పడుకునేది నాలుగు గంటలు. జ్వరమొచ్చినా, భార్య నొప్పులు పడుతున్నా పేరు పిలిచినప్పుడు పలకాల్సిందే.

శిక్షల లెక్క ఇంకా విచిత్రం. కనుమలో రాత్రిపూట దారి దోచిన మామూలు మనిషికి ఎంత వేసినా 14 ఏళ్లు మించదు. రిజిస్టరులో ఉన్నవాడు జాబితాలోని నేరాల్లో రెండోసారి దొరికితే ఏడేళ్లకు తగ్గకూడదు. మూడోసారి దొరికితే జీవితాంతం ద్వీపాంతరం. దొంగతనానికో దోపిడీకో సిద్ధమవుతున్నాడని కోర్టు నమ్మే పరిస్థితుల్లో దొరికితే, ఏమీ చేయకపోయినా మూడేళ్ల దాకా. 6 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ప్రత్యేక బడుల్లో పెట్టే అధికారం కూడా చట్టంలో ఉంది.

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఈ చట్టం గణాంకాలను ఏం చేసిందన్న విషయం. హాజరు తప్పడం నేరం. చీటీ లేకుండా పక్క ఊరి సంతకు పోవడం నేరం. ఆ కేసులన్నీ ఏడాది చివర ఆ కులం నేరాల మొత్తంలో కలుస్తాయి. మొత్తం పెరిగింది కాబట్టి ఆ కులం మీద నిఘా పెరగాలి. నిఘా పెరిగితే తప్పిన హాజర్లు ఇంకా ఎక్కువ దొరుకుతాయి. వేరే కులంవాడు రాత్రి పొరుగూరికి పోయొస్తే లెక్కలో ఎక్కడా కనబడడు. ఆనాటి పోలీసు నివేదికల్లో ఎరుకల పేరు పక్కనున్న అంకె చదివేటప్పుడు ఈ సంగతి మరవకూడదు.

ఈ మాట అన్నంత మాత్రాన దోపిడీలు జరగలేదని కాదు. కనుమలో బండి ఆపి కొట్టి సొమ్ము పట్టుకుపోయినవాళ్లు ఉన్నారు, వాళ్లలో ఎరుకలవారూ ఉన్నారు. సొమ్ము పోయినవాడు ఎక్కువసార్లు ఏ చిల్లర వర్తకుడో, పెళ్లికి పోయే రైతు కుటుంబమో. వాళ్లకు ఉప్పు విధానం సంగతి చెబితే ఓదార్పు కాదు.

సెటిల్మెంట్లు

1911 తర్వాత నిఘా చాలదని, మొత్తం కుటుంబాలనే తెచ్చి ఒకచోట పెట్టాలన్నారు. ఆ పని మిషనరీలకు అప్పజెప్పారు. గుంటూరు జిల్లాలో సాల్వేషన్ ఆర్మీ సీతానగరం, స్టువర్టుపురం సెటిల్మెంట్లు నడిపింది. రెండోదానికి మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్టు పేరు పెట్టారు. సాల్వేషన్ ఆర్మీ నాయకుడు బూత్ టక్కర్ ఈ పనికి క్రిమినోక్యూరాలజీ అని పేరు పెట్టి పుస్తకం కూడా వేశాడు. నేరం ఒక జబ్బు, తాము వైద్యులమన్నమాట. చీరాలలో పొగాకు కంపెనీ కార్ఖానాకు స్టువర్టుపురం నుంచి కూలీలు పోయేవారు. చుట్టూ కాపలా ఉన్న కూలీలు దొరకడం ఏ కార్ఖానాకైనా అనుకూలమే.

నెల్లూరు జిల్లాలో ఈ బాధ్యత అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ది. కావలి కేంద్రంగా రెవరెండ్ శామ్యూల్ బాడెన్ ఎరుకల సెటిల్మెంటు నడిపాడు. బిట్రగుంట దగ్గరి కప్పరాళ్లతిప్ప కూడా అలా వెలిసిందే. కర్నూలు జిల్లా సిద్ధాపురంలో మరొకటి ఉండేది. దాని పక్కనా ఒక ఆత్మకూరు ఉంది, ఇప్పుడది నంద్యాల జిల్లా. పాత కాగితాల్లో ఆత్మకూరు అని కనబడగానే ఏ ఆత్మకూరో చూసుకోవాలి.

పటం మీద ఈ సెటిల్మెంట్లను గుర్తుపెడితే ఒక విషయం కనబడుతుంది. కావలి, బిట్రగుంట, స్టువర్టుపురం మూడూ మద్రాసు, బెజవాడ రైలు లైను మీదివే. కనుమల మీదుగా తిరిగే జనాన్ని తెచ్చి, వాళ్ల బేరాన్ని మింగిన ఆ రైలు పక్కనే కూర్చోబెట్టారు. బడి, ఆసుపత్రి, కొద్దోగొప్పో భూమి దొరికిన కుటుంబాలున్నాయి, చదువుకుని ఉద్యోగాల్లోకి పోయినవాళ్లూ ఉన్నారు. సెటిల్మెంటు మీద కోపం ఉన్నవాళ్లు కూడా ఈ మాట ఒప్పుకుంటారు. కానీ ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడు జేబు తడుముకోవడమనే అవమానం మూడు తరాల తర్వాతా తప్పలేదు. సినిమాలు ఆ పేరును ఇంకా అమ్ముకుంటూనే ఉన్నాయి. 1980లో పోలీసుల చేతిలో చనిపోయిన స్టువర్టుపురం దొంగ నాగేశ్వరరావు మీద 2023లో పెద్ద హీరోతో సినిమా వచ్చింది. తెర మీద దొంగ హీరో అయినంత మాత్రాన ఊళ్లో కుర్రాడికి అద్దె ఇల్లు దొరకడం తేలిక కాలేదు.

రద్దు, ఆ తర్వాత

చట్టం మెడలు వంచడంలో నెల్లూరు మనిషి ఒకరున్నారు. వెన్నెలకంటి రాఘవయ్య. యానాదుల కోసం, సంచార జాతుల కోసం జీవితమంతా పనిచేసిన ఆయన నేరస్థ జాతుల చట్టం పోవాలని ఎడతెగకుండా పోరాడారు. మద్రాసు రాష్ట్రం 1947లోనే దాన్ని రద్దు చేసింది, దేశంలో చాలా ప్రాంతాలకన్నా ఐదేళ్లు ముందు. 1949లో కేంద్రం అనంతశయనం అయ్యంగార్ కమిటీ వేసింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దు అమల్లోకి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి చట్టం కింద ఉన్నవి 127 సముదాయాలనీ, జనం కోటీ ముప్పై లక్షలనీ అంచనా. రాఘవయ్యకు 1973లో పద్మభూషణ్ వచ్చింది. 2011 జనాభా లెక్క ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎరుకలవారు ఐదు లక్షలకు పైగా ఉన్నారు, షెడ్యూల్డు తెగల జాబితాలో.

రద్దు అన్న మాటను జాగ్రత్తగా చదవాలి. మద్రాసులో పాత చట్టం పోయిన మరుసటి ఏడాదే, 1948లో, అలవాటుపడ్డ నేరస్థుల మీద ఆంక్షల చట్టం వచ్చింది. కులం పేరు తీసేసి మనిషి పేరు పెట్టడం నిజంగా మెరుగే. అయితే కొత్త రిజిస్టరు తెరిచింది పాత ఠాణాల్లోనే, పేర్లెక్కించింది పాత రిజిస్టర్లు నింపిన చేతులే. ఠాణాలోని పాత నేరస్థుల జాబితా, అంటే కేడీ లిస్టులోకి ఎవరి పేరు ముందెక్కుతుందో ఊహించడం కష్టం కాదు.

కనుమల్లో వేట ఆగలేదు, సరుకు మారిందంతే. వెలికొండ అడవిలో ఇప్పుడు పోలీసులు వెతికేది ఎర్రచందనం దుంగల కోసం. ఉదయగిరి, ఆత్మకూరు వైపు అడవిలో పట్టుబడేది ఎక్కువగా నరికే కూలీలు, దుంగలు మోసే కూలీలు. సరుకు కొనే పెద్దమనిషి కనుమ ఎక్కడు.

జైలు గోడల లోపల పాత చట్టం ఇంకా చాలాకాలం బతికింది. ఖైదీలకు పని పంచేటప్పుడు, గదులు కేటాయించేటప్పుడు కులం చూడాలని, సంచార జాతులవాళ్లను, ఒకప్పటి నేరస్థ జాతులవాళ్లను ప్రత్యేకంగా కనిపెట్టుకుని ఉండాలని పలు రాష్ట్రాల జైలు నిబంధనల్లో రాసి ఉండేది. జర్నలిస్టు సుకన్యా శాంత దీని మీద సుప్రీంకోర్టుకు వెళ్తే 2024 జనవరిలో 11 రాష్ట్రాలకు నోటీసులు పోయాయి. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. ఆ ఏడాది అక్టోబరు 3న, రద్దు అమల్లోకి వచ్చిన 72 ఏళ్లకు, కోర్టు ఆ నిబంధనలను కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. మాన్యువళ్లు సవరించడానికి రాష్ట్రాలకు మూడు నెలలు గడువిచ్చింది.